జాబితాలో రెండో పేరు

ఇబ్రహీంపట్నం,
12 ఏప్రిల్ 1998.

శ్రీమతి మాణిక్యం గారికి,
నిర్వాహకురాలు, పిల్లల వేసవి నాటక తరగతి,
భవానీపురం, విజయవాడ.

విషయం: చి. శ్రీదుర్గ (9 సం.) ప్రవేశం గురించి.
సూచిక: మీ గులాబీరంగు కరపత్రం. తేదీ లేదు.

అక్కయ్యా,

పై విషయమై రాయడం ఏమనగా, కరపత్రం మీద తేదీ వెయ్యకపోవడం మంచి పద్ధతి కాదు. రేపు ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పుకోలేవు. సరే, అది నీ ఇష్టం. ఇరవై ఆరుగురినే చేర్చుకుంటానని, ముందు అందిన దరఖాస్తుకే ముందు చోటని రాశావు కాబట్టి, మా శ్రీదుర్గ దరఖాస్తు ఇందుతో జతపరిచాను. మూడో నిబంధన ప్రకారం పిల్లే సొంత చేతిరాతతో రాసింది. నేను పక్కన కూర్చున్నానంతే.

సొంత మేనకోడలు కదా అని నువ్వు ప్రత్యేకంగా చూడక్కర్లేదు. చూస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

మా కరెంటు ప్లాంటులో ఓవర్‌హాలింగు మొదలైంది. మా ఆఫీసుకి ఈ వేసవంతా ఆదివారాలు కూడా లేవు. అందుకే పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉండీ ఉత్తరం రాస్తున్నాను. అదీకాక ఏ సంగతైనా కాగితం మీద ఉంటేనే దానికో విలువ. ఆవకాయకి కాయలు ఎప్పుడు పంపిస్తావని నీ మరదలు అడగమంది.

ఇట్లు,
కె. రామకోటేశ్వరరావు
సీనియర్ అసిస్టెంట్
(నకలు: ఇంటి ఫైలుకు)


భవానీపురం,
15 ఏప్రిల్ 1998. (తేదీ వేశాను, చూసుకో.)

ఒరే కోటేశూ,

నీ దరఖాస్తు అందింది. నీదే. "వినయపూర్వకంగా మనవి చేసుకొనునది ఏమనగా, నా కళాతృష్ణను దయతో పరిగణనలోకి తీసుకొని" అని తొమ్మిదేళ్ళ పిల్ల రాసిందంటే దాన్ని నాటకానికి కాదు, డాక్టరు దగ్గరికి పంపించాలి. చేతిరాత పిల్లదే, ఒప్పుకుంటాను. మాటలు మాత్రం సీనియర్ అసిస్టెంటువి.

ఆ నిబంధన ఊరికే పెట్టలేదురా. నిరుడు ఒకావిడ, మావాడు నటుడిగానే పుట్టాడండీ అని నాలుగు పేజీలు రాసి చేర్పించింది. వాడు మొదటిరోజే రత్తయ్యగారి గోడౌను కిటికీలోంచి దూకి ఇంటికి పారిపోయాడు. నీకు ఇష్టమేనా అని వాణ్ణి అప్పటిదాకా ఒక్కళ్ళూ అడగలేదుట. (గోడౌను అంటే భయపడకు. ధాన్యం ఖాళీ అయ్యాక వేసవిలో రత్తయ్యగారు మాకు ఇస్తారు. కాస్త తుమ్ములొస్తాయి, అంతే.)

పిల్ల రెండు ముక్కలు రాసినా చాలు, అవి దాని ముక్కలై ఉండాలి. దరఖాస్తు తిప్పి పంపుతున్నాను. ఇంకా ఆరు ఖాళీలున్నాయి.

కాయలు వచ్చేనెల పంపిస్తా. కొట్టించుకునే బాధ మీదే.

మీ అక్క,
మాణిక్యం


ఇబ్రహీంపట్నం,
19 ఏప్రిల్ 1998.

విషయం: శ్రీదుర్గ ప్రవేశం. రెండో దరఖాస్తు.
సూచిక: నీ తిరస్కారం, తేదీ 15.

అక్కయ్యా,

ఈసారి పిల్లని గదిలో ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. నేను గుమ్మం బయటే ఉన్నాను. భాష ఎంత సరళంగా ఉందో గమనించగలవు.

ఖాళీలు ఇంకా ఆరే ఉన్నాయా, తగ్గాయా? తిరుగుటపాలో తెలియజెయ్యి.

ఇట్లు,
రామకోటేశ్వరరావు


భవానీపురం,
22 ఏప్రిల్ 1998.

కోటేశూ,

"నేను చాలా చిన్న పాపను. నాకు ఏమీ తెలియదు. కనుక నాకు ప్రధాన పాత్ర ఇప్పించగలరు." నువ్వు గుమ్మం బయటే ఉన్నావని నమ్మాను. నీ గొంతు లోపలిదాకా వినిపించిందని కూడా నమ్మాను.

కానీ కవరు దులిపితే అడుగునుంచి ఇంకో చిన్న కాగితం పడింది, లెక్కల నోటుబుక్కులోంచి చింపింది. "అత్తా, నేను వస్తాను. జుబియా కూడా వస్తే ఇంకా వస్తాను." దానికే ప్రవేశం ఇచ్చాను. నెంబరు 26, ఆఖరిది. జుబియా అంటే మా వీధి చివర తాళాలు బాగుచేసే మునీరు కూతురు, అది ముందే చేరింది. నిరుడు సెలవుల్లో వీళ్ళిద్దరూ కలిసి మా పంపు విరగ్గొట్టారు.

మే ఒకటి నుంచి ఆఖరిదాకా పిల్ల నా దగ్గరే ఉంటుంది. రెండు గౌన్లు ఎక్కువ పెట్టమను. కిరీటాలూ అవీ పంపొద్దు. ఇంటినుంచి వేషాలు తెచ్చుకోకూడదన్నది అయిదో నిబంధన. తల్లిదండ్రులు రిహార్సల్సుకి రాకూడదన్నది ఆరో నిబంధన. నీలాంటివాళ్ళని తలుచుకునే రాశాను.

అక్క


భవానీపురం,
3 మే 1998.

కోటేశూ,

మీ అమ్మాయి క్షేమం. పొద్దున్న ఏడింటికే గోడౌనుకి పరిగెడుతుంది, పదింటికి ఎండ ముదిరాక వస్తుంది. అన్నం బాగా తింటోంది. వంకాయ తింటుంది, నువ్వు తినదని చెప్పి పంపావు. బహుశా మీ ఇంటి వంకాయ తినదు.

ఈసారి నాటకం నేనే రాశాను. ఊరి కాగితాలన్నీ ఉన్న సంచిని ఒక గేదె మేసేస్తుంది. ఊరంతా కలిసి గేదె మీద కేసు పెడతారు. జడ్జి, ఇద్దరు ప్లీడర్లు, సాక్షులు, ఏడ్చే గుమస్తా. గుమస్తాని ఎవర్ని చూసి రాశానో అడక్కు.

వేషాల పద్ధతి ఇదీ. మొదటి పది రోజులూ ఎవరికీ ఏ వేషమూ ఉండదు. అందరూ అందరి మాటలూ చదవాలి. ఈరోజు జడ్జి రేపు సాక్షి. పదో రోజున ఎవరికి ఏ వేషం కావాలో, ఎందుకో, చీటీ మీద రాసి నాకివ్వాలి. ఆ చీటీ నేను తప్ప ఎవరూ చూడరు. కారణం బాగుంటే వేషం వాళ్ళది. ఒకే వేషం ఇద్దరడిగితే ఇద్దర్నీ కూర్చోబెట్టి వాళ్ళనే తేల్చుకోమంటాను. ఇంతవరకూ కొట్టుకున్నది ఒక్కసారే.

నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వెలాగూ అడుగుతావు.

అక్క


ఇబ్రహీంపట్నం,
6 మే 1998.

విషయం: పాత్రల కేటాయింపు. సూచనలు.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 3.

అక్కయ్యా,

నీ పద్ధతి చదివి దిగులు పడ్డాను. వేషం కావాలని చీటీ రాస్తే ఇచ్చెయ్యడమేమిటి? మా ఆఫీసులో ఎవరికి ఏ కుర్చీ కావాలో చీటీ రాయమంటే పొద్దున్నే అందరూ సూపరింటెండెంటు కుర్చీలో ఉంటారు. వయసు ప్రకారమో, చేరిన తేదీ ప్రకారమో ఒక సీనియారిటీ జాబితా తయారుచెయ్యి. జాబితా అంటూ ఉంటే ఎవరూ మాట్లాడరు.

వంశం కూడా కాస్త చూడొచ్చు. 1961లో మన ఊళ్ళో నాన్న నాటకం ఆడించినప్పుడు రాజుగారి కొడుకు వేషంలో నేను చెప్పిన మాటలకి జనం ఎలా ఏడ్చారో నువ్వు మర్చిపోలేదు కదా. ఆ మెడల్ ఇప్పటికీ మా షోకేసులో ఉంది. శ్రీదుర్గ రోజూ దాన్ని చూస్తూ పెరిగింది. మా నాన్నకి ఎనిమిదేళ్ళకే మెడల్ వచ్చిందని బళ్ళో అందరికీ చెబుతుంది. నేను కోరేది ఒక్కటే. నా కూతురు స్టేజి మీద నిలబడి నలుగురూ వినేలా మాట్లాడాలి. పెళ్ళయిన పదేళ్ళకి పుట్టిన పిల్ల. ఇంట్లో నోరు విప్పితే ఒట్టు.

మా సూపరింటెండెంటు సంజీవరావుగారి మనవడు సిద్ధార్థ కూడా మీ తరగతిలోనే ఉన్నాట్ట. ఆ విషయం ఆయన నాకు రోజుకి మూడుసార్లు చెబుతున్నారు.

రామకోటేశ్వరరావు


భవానీపురం,
12 మే 1998.

కోటేశూ,

చీటీలు అయిపోయాయి, వేషాలు తేలిపోయాయి. బోర్డు మీద అంటించిన జాబితా నకలు ఒకటి నీ ఫైలు కోసం పంపుతున్నాను. ఎవరికి ఏ వేషమో అందులో ఉండదు. అది పిల్లలే ఇంట్లో చెప్పుకోవాలి, ఆ సరదా వాళ్ళది. శ్రీదుర్గ నీకు కార్డు రాసి డబ్బాలో వేసింది.

1961 సంగతి నేనేమీ మర్చిపోలేదు.

అక్క


ఇబ్రహీంపట్నం,
15 మే 1998.

అక్కయ్యా, అక్కయ్యా, అక్కయ్యా,

విషయం లేదు, సూచిక లేదు! జాబితా అందింది. రెండో పేరు! ఇరవై ఆరుగురిలో రెండో పేరు! ఒకటో పేరు జుబియాది. పోనీలే, స్థానికులకి ప్రాధాన్యం ఇవ్వక తప్పదు, ఆమాత్రం నాకు తెలుసు. శ్రీదుర్గ కార్డు కూడా వచ్చింది. "నాన్నా, నేను అడిగిందే ఇచ్చారు" అని ఒకే వాక్యం. ఇంకేం కావాలి?

సిద్ధార్థ పదిహేడో నెంబరు. జాబితా తీసుకెళ్ళి సంజీవరావుగారి బల్లమీద మెల్లిగా పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒకటినుంచి పదిహేడుదాకా దిగడానికి ఎంతసేపు పట్టిందో! తర్వాత కాఫీ కూడా తాగలేదు. పాపం అనిపించింది. ఎక్కువసేపు అనిపించలేదు.

ముప్ఫై ఒకటి ఆదివారం నాటకం కదా, ఆ ఒక్కరోజుకీ సెక్షనుకి సెలవు ఇప్పించుకుని స్టాఫ్ వ్యాను మాట్లాడాను. మా సెక్షన్ మొత్తం, కుటుంబాలతో, నలభై మంది వస్తున్నారు. ముందువరసలో చోటు ఉంచు. నీ మీద నాకున్న అనుమానాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. బందరు లడ్డూలు పంపుతున్నాను, పిల్లలకి పంచు.

ఆనందంతో,
నీ తమ్ముడు కోటేశు


భవానీపురం,
18 మే 1998.

మా కోటేశుకి,

నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నానంటే నమ్ముతావా? లడ్డూలు వచ్చాయి. పిల్లలకి పంచాను, నేను రెండు తిన్నాను.

నిన్ను చాలా తప్పుగా అనుకున్నానురా. శ్రీదుర్గకి గేదె వెనక కాళ్ళ వేషం వచ్చిందంటే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావని భయపడ్డాను. తన కూతురు గేదె వెనకభాగం వేస్తోందని తెలిసి, ఆఫీసంతటినీ వ్యానెక్కించుకొస్తున్న తండ్రిని నేను ఇంతవరకూ చూడలేదు. ఒక్కొక్క తల్లి ఒక్కొక్క డైలాగు కోసం నా గుమ్మం ముందు పోట్లాడుతుంటే, నువ్వు లడ్డూలు పంపావు.

ముందు కాళ్ళు జుబియా, వెనక కాళ్ళు మనమ్మాయి. ఇశ్రాయేలు టైలరు పాత గొడుగుల గుడ్డంతా పోగేసి గేదె తోలు కుట్టాడు. లోపల వంగి నడవాలి, ఉక్క, చీకటి. మనమ్మాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తెర లేవగానే మొదట వచ్చేది గేదే, అందుకే స్టేజి మీదికి వచ్చే వరసలో వాళ్ళిద్దరివీ మొదటి పేర్లు. సిద్ధార్థ జడ్జి. జడ్జిగారు ఎక్కడైనా ఆలస్యంగానే వస్తారు కదా.

ముందువరస నీదే.

ప్రేమతో,
అక్కయ్య


ఇబ్రహీంపట్నం,
20 మే 1998.

మాణిక్యం గారికి,

వెనక కాళ్ళా?

జాబితా అంటే మొదట పెద్దవాళ్ళు, చివర చిన్నవాళ్ళు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చూసిన ప్రతి జాబితా అలాగే ఉంది. స్టేజి మీదికి వచ్చే వరసలో జాబితా రాసేవాళ్ళు ప్రపంచంలో నువ్వొక్కదానివే. పైన ఒక్క ముక్క రాయొద్దా, ఇది ఫలానా జాబితా అని? కరపత్రం మీద తేదీ లేనప్పుడే నేను అనుకున్నాను.

నలభై మందికి చెప్పాను అక్కయ్యా. సంజీవరావుగారి మనవడు జడ్జి స్థానంలో కూర్చుంటాడు. నా కూతురు ఆయన ఎదురుగా, తోక కింద! రేపటినుంచి ఆఫీసులో నన్నేమని పిలుస్తారో నువ్వే ఊహించు.

నువ్వు కావాలనే చేశావు. మెడల్ వచ్చిన తమ్ముడి మీద నీకు ముందునుంచీ కుళ్ళు ఉంది. పసిపిల్ల గేదె కాళ్ళు కావాలని అడుగుతుందా? ఏదీ, ఆ చీటీ చూపించు.

ఇందుమూలంగా శ్రీదుర్గ పేరు ఉపసంహరించుకుంటున్నాను. ఈ ఆదివారం నీ మరదలు వచ్చి పిల్లని తీసుకొస్తుంది.

కె. రామకోటేశ్వరరావు


భవానీపురం,
25 మే 1998.

కోటేశ్వరరావూ,

నీ భార్య నిన్న వచ్చింది. ఆరో నిబంధనని గౌరవించి లోపలికి రాకుండా గోడౌను కిటికీలోంచి రిహార్సల్ చూసింది. నవ్వి నవ్వి కిటికీ ఊచ పట్టుకుని కూలబడింది. తర్వాత పనసతొనలు తిని, మామిడికాయల సంచి పట్టుకుని బస్సెక్కింది. పిల్లని తీసుకెళ్ళాలన్న సంగతి బస్టాండులో గుర్తొచ్చిందిట. వెనక్కి మాత్రం రాలేదు. మంచి మనిషి.

ఇక నీ ఉపసంహరణ. తొమ్మిదో నిబంధన చదువుకో. చేరడానికి పిల్ల చేతిరాత ఎలా కావాలో మానడానికీ అలాగే కావాలి. నీ కాగితం చెల్లదు. అయినా న్యాయంగా ఉండాలని నీ ఉత్తరం దానికి చెప్పి కాగితమూ పెన్నూ ఇచ్చాను. పెన్ను మూత తీసి పెట్టింది. నాన్న ఏడుస్తున్నాడా అని అడిగింది. తర్వాత, "అత్తా, నేను రాసిస్తే గేదె ఎలా నడుస్తుంది?" అంది. కాగితం ఖాళీగానే తిరిగిచ్చింది. చీటీ మాత్రం నీకు చూపించను. అది దానికీ నాకూ మధ్య సంగతి.

ఇప్పుడు 1961. నువ్వే ఎత్తావు, నేను కాదు.

ఆ నాటకం మొత్తం నాకు నోటికి వచ్చు. పదకొండేళ్ళు నాకు. రాజుగారి కొడుకు వేషం నాకిమ్మని నాన్న కాళ్ళు పట్టుకున్నాను. ఆడపిల్ల స్టేజి ఎక్కితే ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు. నువ్వు అడగలేదు, నీకు ఇచ్చారు. నువ్వు స్టేజి మీదికెళ్ళి జనాన్ని చూసి కొయ్యబారిపోయావు. తెర వెనకనుంచి ఆ మాటలన్నీ చెప్పింది నేను. నువ్వు పెదాలు కదిపావు. జనం ఏడ్చింది నా గొంతుకి. మెడల్ నీ చొక్కాకి గుచ్చారు. నేను బట్టల పెట్టెమీద కూర్చుని ఏడ్చాను, ఎవరూ చూడలేదు. ముప్ఫై ఏడేళ్ళు ఎవరికీ చెప్పలేదు, మా ఆయన పోయేదాకా ఆయనక్కూడా చెప్పలేదు.

అందుకే నా తరగతిలో పిల్లల్నే అడుగుతాను. వాళ్ళు గేదె కాళ్ళు కావాలంటే గేదె కాళ్ళే ఇస్తాను. నీకు తలవంపులుగా ఉంటే వ్యాను మాన్పించుకో.

మాణిక్యం


ఇబ్రహీంపట్నం,
27 మే 1998.

అక్కయ్యా,

నాకు తెలుసు.

నా పెదాలు నేనే కదిపాను కదా, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ రోజే చెబుదామనుకున్నాను. చెబితే మెడల్ లాక్కుంటారని భయమేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను, అప్పటికే అమ్మ వీధివీధంతా చెప్పేసింది. తర్వాత ఏటేటా కొంచెం కొంచెం నేనే నమ్మడం మొదలుపెట్టాను. శ్రీదుర్గ పుట్టాక పూర్తిగా నమ్మేశాను. నువ్వు ఏడ్చిన సంగతి మాత్రం నాకు తెలియదు. అమ్మతోడు, తెలియదు. నిన్న ఆఫీసులో నీ ఉత్తరం ఫైలులో దాచుకుని నాలుగుసార్లు చదివాను. నన్ను క్షమించు.

కింది దరఖాస్తు పరిశీలించగలవు.

పేరు: రామకోటేశ్వరరావు. వయస్సు: 45.
కోరిన పాత్ర: తెర వెనక నిలబడి, మర్చిపోయిన పిల్లలకి మాటలు అందించడం.
కారణం: అది మా ఇంట్లో ఒకరు చేశారు. వంతు నాది.
అనుభవం: లేదు.
సిఫారసు: లేదు.
చేతిరాత: సొంతం.
జతపరచినవి: మెడల్ ఒకటి.

వ్యాను మాన్పించలేదు.

కోటేశు


భవానీపురం,
29 మే 1998.

కోటేశూ,

వయోపరిమితి పద్నాలుగేళ్ళు. నీ ఉత్తరాలన్నీ తిరగేశాను. నువ్వు పద్నాలుగు దాటినట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. ప్రవేశం ఇచ్చాను, నెంబరు 27.

ఆదివారం సాయంత్రం నాలుగింటికల్లా వచ్చి స్టేజికి ఎడమవైపు తెర వెనక నిలబడు. నాటకం కాగితాలు అక్కడ మేకుకి వేలాడుతుంటాయి. ఎవరైనా ఆగిపోతే అందించు. గట్టిగా అరవకు.

మెడల్ గురించి ఇప్పుడు రాయలేను, కాగితం తడిసిపోతుంది. గేదె మెళ్ళోకి గంట దొరకలేదని ఇశ్రాయేలు వారంరోజులుగా గొణుగుతున్నాడు. ఇచ్చి కుట్టించేశాను. బాగా నప్పింది.

అక్కయ్య


ఇబ్రహీంపట్నం,
2 జూన్ 1998.

అక్కయ్యా,

ఆదివారం నీతో మాట్లాడకుండా వ్యానెక్కేశాను. కాగితం మీదైతేనే నాకు చేతనవుతుంది.

నేను కాగితాలు పట్టుకుని, ప్రతి మాటకీ కింద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. మొదట సాక్షి పిల్లాడు ఆగాడు. నేను నోరు తెరిచేలోగా వాడికి మాట అందేసింది. నా పక్కనుంచి కాదు, స్టేజి మధ్యనుంచి. తర్వాత ప్లీడరు పిల్ల తడబడింది. దానికీ అందింది. ఆఖర్న సిద్ధార్థ తీర్పు చెప్పాల్సినచోట బొమ్మలా నిలబడిపోయాడు. ముందువరసలో సంజీవరావుగారు కుర్చీ అంచుకి వచ్చేశారు. అప్పుడు గేదె మెల్లిగా రెండడుగులు జరిగి వెనకభాగాన్ని జడ్జిగారి వైపు తిప్పింది. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వులో కుర్రాడికి తీర్పు మొత్తం, ముక్క ముక్కా, తోక దగ్గరనుంచి వచ్చింది. వాడు గడగడా చెప్పేశాడు. చప్పట్లే చప్పట్లు.

అక్కయ్యా, ఆ గొంతు నీది. గుడ్డ వెనకనుంచి, గుసగుసగా, ఒక్క అక్షరం పోకుండా. నాకు మళ్ళీ ఎనిమిదేళ్ళొచ్చాయి. చూసుకుంటే నా పెదాలు కదులుతున్నాయి.

చివర్న పిల్లలందరూ వరసగా వచ్చి దణ్ణం పెట్టారు, గేదె మాత్రం తోలు విప్పలేదు. ఎందుకమ్మా బయటికి రాలేదు అని తర్వాత అడిగితే, గేదెలు దణ్ణం పెట్టవు నాన్నా అంది. ఒళ్ళంతా చెమట, జుట్టునిండా గొడుగు రంగు. ఇంట్లో నోరు విప్పదని నీకు రాశాను చూడు, ఆ పిల్లే.

తిరుగుదారిలో సంజీవరావుగారు, మా వాడి తీర్పు విన్నారా, ఎంత జ్ఞాపకశక్తో అన్నారు. విన్నానండి అన్నాను. ఇంతకీ మీ అమ్మాయి ఏ వేషం వేసిందండీ అని అడిగారు. వ్యానంతా వినబడేలా చెప్పాను, గేదె వెనక కాళ్ళండీ అని. ఇంకేమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో నాకు ఆదివారం తెలిసింది. నువ్వు ముప్ఫై ఏడేళ్ళు ఎలా ఉన్నావు?

నీకు ముందే తెలుసు కదూ?

కోటేశు


భవానీపురం,
4 జూన్ 1998.

కోటేశూ,

రెండో రిహార్సల్లోనే తెలిసింది. ఏమీ తెలియనిదానిలా ఊరుకున్నాను. వేషం వేసుకున్నాక పిల్లలు లోపల ఏం చేసుకున్నా అడక్కూడదన్నది కరపత్రంలో లేని నిబంధన.

గేదెని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టాను. మెడల్ దాని మెళ్ళోనే ఉంది. వచ్చే ఏడు ఇంకే నాటకమైనా సరే, ఏదో ఒక పశువు ఉంటుంది.

నువ్వు అడిగినా చూపించనన్న చీటీ ఇదిగో. ఇంకో మూడు రోజులు ఉంటానని ఆగిపోయిన శ్రీదుర్గని నిన్న బస్సెక్కించేముందు అడిగాను, నాన్నకి పంపనా అని. పంపమని దాని వెనకే సొంత చేతిరాతతో రాసిచ్చింది, చూసుకో. ఫైలులో పెట్టకు. షోకేసులో చోటు ఖాళీ అయింది కదా, అక్కడ పెట్టు.

అక్కయ్య

"నాకు గేదె వెనక కాళ్ళు కావాలి. ఎందుకంటే ఒక వేషం వేస్తే ఒకళ్ళ మాటలే చెప్పనిస్తారు. నాకు అందరివీ వచ్చు. గేదె కేసు అయిపోయేదాకా మధ్యలోనే నుంచుంటుంది. ఎవరన్నా మర్చిపోతే అందరూ చూస్తారు, వాళ్ళకి సిగ్గేస్తుంది. నేను లోపల్నించి చెప్తే వాళ్ళే చెప్పినట్టు ఉంటుంది.
శ్రీదుర్గ, నెం. 26."